బ్రహ్మయ్య గుడ్డ కట్టాడు

పర్చూరులో మా పక్కింటివాళ్ళకి రెండు గేదెలున్నాయి. సాయంత్రం పూట ఆ ఇల్లాలు బకెట్లో తవుడు పోసి, బెల్లం నీళ్ళు చల్లి, మోచేతి దాకా ముంచి కలుపుతుంది. ఆ తీపి వాసన గోడ దాటి మా వసారాలోకి వస్తుంది. మంచి వాసనే. నేను మాత్రం లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటాను. నాకు గేదెలంటే అసహ్యమని మా ఆవిడ చాలా ఏళ్ళు అనుకుంది. ఈమధ్య ఒకరోజు అదే వాసన వస్తున్న వేళకి మా ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. రత్నం గారు పోయి ఏడాది కావస్తోందనీ, సంవత్సరీకానికి ఒక సంచిక వేస్తున్నామనీ, ఆయన చేతికింద పెరిగినవాడిని కాబట్టి నాలుగు పేజీలు రాయాలనీ అన్నారు. అట్ట మీద వేయబోయే ఫొటో ఫోన్‌లో చూపించారు. మోకాలి దాకా మడిచిన ప్యాంటుతో, భుజాన ఎయిర్‌గన్‌తో రత్నం గారు నవ్వుతున్నారు. ఆయన కాళ్ళ దగ్గర ఒక నల్లకుక్క నాలుక బయటపెట్టి కూర్చుని ఉంది. కింద ‘మూగజీవాల నేస్తం’ అని అచ్చేయిస్తారట.

“ఆ కుక్క ఎవరిదో తెలుసా?” అని అడిగాను.

“రత్నం గారిదేగా.”

“కాదు. బ్రహ్మయ్య బాబాయిది.”

“ఎవరూ, గుడ్డ బ్రహ్మయ్యా?” అని ఇద్దరూ పకపకా నవ్వారు. వాళ్ళలో ఒకడు బ్రహ్మయ్యని కళ్ళతోనన్నా చూశాడో లేదో. అయినా ఆ పేరు తెలుసు, ఆ నవ్వూ తెలుసు. మా ఊళ్ళో ఇప్పటికీ ఎవడైనా మోటారు ఆపడం మరిచిపోయినా, గేటు తీసి వచ్చేసినా ‘బ్రహ్మయ్య గుడ్డ కట్టినట్టుంది’ అంటారు. రాస్తానని చెప్పి పంపించాను. రాసి పంపాను కూడా. వాళ్ళు వేయలేదు. అప్పుడు రాసిందే ఇంకొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

రత్నం గారిని ఎరగనివాళ్ళకి ముందు ఆయన మంచితనం చెప్పాలి. అది చెప్పకపోతే నా కోపం అర్థం కాదు. ప్రత్తిపాడులో ఆయనకి పురుగుమందులు, విత్తనాల కొట్టు ఉండేది. తొంభైల చివర్లో నేను డిగ్రీ తప్పి, మా ఊరి కల్వర్టు మీద కూర్చుని పొద్దుపుచ్చుతుండేవాణ్ణి. ఆయన జీపు ఆపి, “ఏరా ప్రసాదూ, ఆ కల్వర్టు అరిగిపోద్దిరా. రేపట్నుంచి కొట్టుకి రా” అన్నారు. నా తండ్రి కూడా నన్ను అంత తేలిగ్గా క్షమించలేదు. రైతు కొట్టు మెట్టెక్కగానే ముందు మంచినీళ్ళివ్వాలనీ, తర్వాత చేను సంగతి అడగాలనీ, మందు మాట ఆఖర్న ఎత్తాలనీ నేర్పింది ఆయనే. ఇప్పుడు నా కొట్లో నేనూ అదే చేస్తాను. ఒక ముసురులో మా అమ్మకి కడుపులో పేగు మెలిపడి విలవిల్లాడుతుంటే, మా సందులోకి జీపు రాదని తెలిసి, ఆ మనిషి మోకాలిలోతు బురదలో నడిచివచ్చి మా అమ్మని రెండు చేతులమీద ఎత్తుకుని తీసుకెళ్ళారు. గుంటూరు ఆస్పత్రిలో డాక్టరు మీద అరిచి అప్పటికప్పుడు ఆపరేషన్ చేయించారు. ఆ తర్వాత మా అమ్మ ఇరవై ఏళ్ళ పైన బతికింది. ఆమె తిన్న ప్రతి ముద్దలోనూ ఆయన పుణ్యం ఉంది. కాదనను. కాదనలేకపోవడమే నన్ను అన్నాళ్ళు నోరెత్తకుండా చేసింది.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క జబ్బు, తన మాట నెగ్గాలి. పెద్ద విషయాల్లో కాదు, ప్రతి దాంట్లోనూ. టీ కొట్టువాడు ‘పంచదార సరిపోయిందండి’ అంటే, సరిపోలేదని వాడి చేతే చెప్పించేదాకా గ్లాసు దించేవారు కాదు. మేమంతా దాన్ని సరదా అనుకునేవాళ్ళం. పెద్దాయన పంతం అని మురిసిపోయేవాళ్ళం. మురిసిపోయిన మమ్మల్ని చెప్పుతో కొట్టాలి.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేసి వేటకి వెళ్ళేవాళ్ళం. గువ్వలు, కౌజు పిట్టలు. ఎయిర్‌గన్ పట్టుకోవడం నాకు ఆయనే నేర్పారు. “రెక్క చూడకురా, రొమ్ము చూడు. ఊపిరి బిగబట్టు. పిట్ట నిన్ను చూసిందంటే అప్పటికే ఆలస్యమైందని లెక్క” అనేవారు. దెబ్బ తగిలిన పిట్ట పత్తిచేలో పడితే మనిషికి దొరకదు. అందుకే మా ఊరి రైతు బ్రహ్మయ్య కుక్క కావలసివచ్చేది. దాని పేరు కర్రోడు. నాటుకుక్కే. కానీ పిట్టని పన్ను గుచ్చుకోకుండా నోట కరుచుకొచ్చి కాళ్ళ దగ్గర పెట్టేది. జీపు మోత వింటే చాలు, బ్రహ్మయ్య చూరు కింద నుంచి లేచి ఉరికి వచ్చి ముందు సీట్లో ఎక్కి కూర్చునేది.

“కుక్కకేం తెలుసయ్యా జీపు సుఖం, నువ్వు అలవాటు చేశావు. ఇప్పుడు నాతో నడిచిరమ్మంటే మొహం తిప్పుకుంటంది” అనేవాడు బ్రహ్మయ్య.

“నీకు బండి లేకపోతే కుక్క తప్పేంట్రా” అనేవారు రత్నం గారు. బ్రహ్మయ్య భార్య సీతారావమ్మ మాకు మజ్జిగ తెచ్చిచ్చేది. అలా ఉండేది.

ఇక గుడ్డ సంగతి. ఆ రోజుల్లో పత్తికీ మిరపకీ లద్దెపురుగు విపరీతంగా పట్టేది. పగలంతా మట్టిపెళ్ళల కింద దాక్కుని, పొద్దుపోయాక ఆకు మేసే పురుగది. పైన ఎంత మందు కొట్టినా చావదు. దానికి ఎర పెట్టాలి. తవుడు, బెల్లం, మందు కలిపి తడిపి, చిన్న ఉండలు చేసి, సాయంత్రం చేలోనూ గట్ల వెంబడీ చల్లుతారు. బెల్లం వాసనకి పురుగు వచ్చి తిని చస్తుంది. మేక వచ్చినా, కుక్క వచ్చినా అంతే. అందుకని మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ఎర చల్లిన చేనికి, దారి కలిసే గట్టు మూలన కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలి. గుడ్డ ఉన్న గట్టు మీదికి పశువుల్ని తోలకూడదు. గుడ్డ కట్టకపోతే నష్టం చేనుగలవాడిదే. దాని మీద ఎదురు మాట ఉండదు. బ్రహ్మయ్య ఇంకో అడుగు ముందుకేశాడు. కర్రోణ్ణి పిల్లప్పుడే తాడు కట్టి, ఎర్రగుడ్డ కనబడిన చోటల్లా గట్టు ముందు కూర్చోబెట్టేవాడు. దాటబోతే తాడు లాగేవాడు. కొన్నాళ్ళకి తాడు అక్కర్లేకపోయింది. గుడ్డ కనిపిస్తే చాలు, ఎవడు పిలిచినా ఆ కుక్క గట్టు దాటదు.

దసరా వెళ్ళిన తర్వాత ఒక ఆదివారం. ఎండ చురుక్కుమంటోంది. పత్తి కాయ మీద ఉంది. కాలవ దగ్గర రెండు గువ్వలు పడ్డాయి. రత్నం గారు హుషారుగా ఉన్నారు. బ్రహ్మయ్య చేను దగ్గరికి వచ్చేసరికి గట్టు మీంచి ఒక కౌజు పిట్ట లేచింది. ఆయన కొట్టారు. తగిలింది. రెక్క జారి, ఎగరలేక, పత్తిచేలో పడింది. లోపల మొక్కలు కదులుతూనే ఉన్నాయి.

“పోరా కర్రోడా!” అన్నారు.

కర్రోడు గట్టు దాకా పరిగెత్తి ఆగిపోయాడు. మూలన కర్ర, దానికి ఎర్రగుడ్డ. కుక్క దాని ముందు కూర్చుంది.

“పో అంటుంటే! ఉస్కో!”

తోక ఊపాడు కానీ లేవలేదు. ఆయన ముఖం మారడం చూశాను. తుపాకీ మడమతో నేల మీద పొడిచారు. “ఆ కౌజు నా కళ్ళముందే కొట్టుకుంటుంటే, ఈ కుక్క కూర్చుంటదా? ఒరేయ్ ప్రసాదూ, ఆ గుడ్డ పీకెయ్.”

“ఎర పెట్టారండి. నిన్న సాయంత్రమే చల్లి ఉంటాడు.”

“పిట్టని తెచ్చిద్ది, వచ్చేస్తది. అదేమన్నా తవుడు తినటానికి పోతందా? పీకరా.”

అంతకుముందు శుక్రవారం బ్రహ్మయ్యకి ఆ మందు సీసా ఇచ్చింది నేను. తవుడెంతో, బెల్లమెంతో పాళ్ళు చెప్పింది నేను. గుడ్డ కట్టు బాబాయ్ అని చెప్పింది కూడా నేనే. ఆ కర్రని రెండు చేతులా పట్టుకుని ఊపి పీకి, పక్కనున్న సర్కారు తుమ్మ పొదల్లోకి విసిరేశాను. కుక్క చేలోకి పోయింది. పిట్టని తెచ్చింది. ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. రత్నం గారు నా వైపు చూసి, “చూశావా?” అన్నారు. నెగ్గారు కదా.

కాలవ గట్టెక్కుతుండగా కర్రోడి నోట్లోంచి నురుగు మొదలైంది. వెనక కాళ్ళు తడబడ్డాయి. వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో చేలో ఒక ఎర ఉండ మింగి ఉంటాడు. నేను ఎత్తుకోబోయాను.

“ఏం చేస్తన్నావ్? దాన్ని మోసుకుని ఊళ్ళోకి పోయి ఏం చెప్తావ్?”

“పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామండి. జీపుందిగా.”

“ఆదివారం డాక్టరు నీకోసం కూర్చుంటాడా? అది అయిపోయిందిరా. నడువు.”

ఆయన మందుల వ్యాపారి. ఏ మందు ఎంతసేపట్లో ఏం చేస్తుందో, దానికి విరుగుడు సూది ఏదో ఎరిగిన మనిషి. మా అమ్మ కోసం బురదలో నడిచిన ఆ కాళ్ళే కుక్కని దాటుకుని నడిచాయి. నాలుగడుగులు వెళ్ళాక నాకు కర్ర గుర్తొచ్చింది. “గుడ్డ మళ్ళీ పాతి వస్తానండి” అన్నాను. ఆయన ఆగి, నెమ్మదిగా, కొట్లో నాకు పని నేర్పే గొంతుతోనే చెప్పారు.

“ఇప్పుడు గుడ్డ పాతితే, గుడ్డ ఉండగా కుక్క ఎట్లా పోయిందని అడుగుతారు. గుడ్డ లేకపోతే ఎవడూ ఏమీ అడగడు. అర్థమైందా?”

అర్థమైంది. కోపంలో తొందరపడి చేసిన పని అంటే క్షమించేవాణ్ణి. ఇది తొందర కాదు. ఒక మనిషి నెత్తిన నేరం ఎలా పెట్టాలో చల్లగా ఆలోచించి చెప్పిన మాట. ఆ మాట విని నేను జీపెక్కాను. అది నా వంతు.

మర్నాడు పొద్దున్నే మేకల నాగమ్మ మందని ఆ దారిన తోలింది. గుడ్డ లేదు కాబట్టి గట్టు మీద మేతకి వదిలింది. ఆమెకి ఉన్న ఆధారమల్లా ఆ మందే. సగం మేకలు అక్కడే కాళ్ళు చాచి పడిపోయాయి. కాలవ గట్టు మీద చచ్చిపడున్న కర్రోణ్ణి కూడా అప్పుడే చూశారు. మధ్యాహ్నానికి పాలకేంద్రం అరుగు మీద పంచాయితీ కూర్చుంది. పెద్దల్లో రత్నం గారు ఉన్నారు. నేను ఆయన వెనక నిలబడ్డాను.

“కుక్క మాతో కాలవ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి ఇంటిదారి పట్టింది. ఏరా ప్రసాదూ?” అన్నారు రత్నం గారు.

“అవునండి” అన్నాను.

సీతారావమ్మ ముందుకొచ్చింది. “ఆయన గుడ్డ కట్టాడు. నా చీర అంచు చించిచ్చింది నేను. కర్ర పట్టుకుంది నేను. నా కళ్ళతో చూశాను” అంది. ఎవరో నవ్వారు. “మొగుడికి పెళ్ళాం సాక్ష్యమా? బాగుంది!” అన్నారు. ఆమె మొగుడి వైపు చూసింది. నువ్వైనా చెప్పు అన్నట్టు చూసింది.

బ్రహ్మయ్య తలపాగా తీసి చేతిలో నలుపుకుంటూ అన్న మాట ఇదీ: “కట్టాననే అనుకున్నానయ్యా. కానీ కర్రోడు పోయాడు. గుడ్డ ఉంటే వాడు పోడు. వాడు పోయాడంటే, నేను కట్టి ఉండను.”

తన కళ్ళని కాదని, పెళ్ళాం మాట కాదని, కుక్క మాట నమ్మాడు. తన మీద తానే తీర్పు చెప్పుకున్నాడు. రత్నం గారు వేసిన లెక్క కంటే గట్టిగా అతుక్కుంది ఆ తీర్పు. పాలిచ్చే గేదెని విప్పి నాగమ్మ ఇంటికి తోలాడు. కర్రోణ్ణి చేను మూలనే పూడ్చాడు.

ఆ తర్వాత బ్రహ్మయ్య మనిషిలా లేడు. గుడ్డ కట్టి ఇంటికి వచ్చి, కట్టానో లేదోనని మళ్ళీ చేలోకి పోయేవాడు. చూసి వచ్చి, సగం దారిలో ఆగి, మళ్ళీ వెనక్కి పోయేవాడు. ఇంటికి తాళం వేసి లాగి చూసేవాడు. పదడుగులు వేసి వెనక్కొచ్చి మళ్ళీ లాగేవాడు. గుడ్డ బ్రహ్మయ్య అన్న పేరు మా కొట్లోనే పుట్టింది. పెట్టింది రత్నం గారే. ఒకరోజు బ్రహ్మయ్య మందు కొని వెళ్తుంటే వెనక నుంచి రత్నం గారు, “ఒరేయ్ బ్రహ్మయ్యా, పంచె కట్టావో లేదో చూసుకో!” అన్నారు. కొట్లో ఉన్నవాళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. బ్రహ్మయ్య నిజంగా కిందికి చూసుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా మూతి మీద నేనే గుద్దుకోవాలనిపిస్తుంది.

కొన్నాళ్ళకి పర్చూరు వచ్చి సొంతంగా కొట్టు పెట్టుకున్నాను. రత్నం గారే వచ్చి కొబ్బరికాయ కొట్టారు. కొత్తరకం పత్తి విత్తనాలు వచ్చిన రోజుల్లో బ్రహ్మయ్య మంచాన పడ్డాడనీ, తర్వాత పోయాడనీ కబురు తెలిసింది. నేను వెళ్ళలేదు. రత్నం గారు బతికుండగా చెప్పకూడదని ఒక సాకు పెట్టుకున్నాను. ఆయన పోయాక, పోయినవాణ్ణి ఆడిపోసుకోకూడదని ఇంకో సాకు పెట్టుకున్నాను.

ఆ పెద్దమనుషులు వచ్చిన మర్నాడే బస్సెక్కి మా ఊరు వెళ్ళాను. సీతారావమ్మ కల్లంలో ఇంకొందరు ఆడవాళ్ళకి కాస్త ఎడంగా కూర్చుని, మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. జుట్టు మొత్తం నెరిసింది. ఘాటు తగలకుండా మూతికి పైట చుట్టుకుంది. పక్కన గొంతుకూర్చుని, “పిన్నీ, బాబాయి గుడ్డ కట్టాడు. పీకింది నేను. పీకమన్నది రత్నం గారు” అన్నాను. అంతా చెప్పాను. ఆమె చెయ్యి ఆగలేదు.

“ఇదా చెప్పటానికొచ్చింది? నాకు తెలియకనా? కర్ర పట్టుకున్న చెయ్యి ఇదేగా. నాకు చెప్తావేంది?”

ఇంకో కాయ తొడిమ తుంచి పక్కన పడేసింది.

“ఆయనకి చెప్పాల్సింది. మంచంలో పడున్నన్నాళ్ళూ అడిగేవాడు, ‘ఆ రోజు కట్టానంటావా సీతా?’ అని. కట్టావయ్యా అంటే, ‘మరి కర్రోడు ఎట్టా పోయాడే?’ అనేవాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గరుంది. పర్చూరెంత దూరంరా? సముద్రం అవతలుందా?”

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టి మొదటిసారి నా ముఖం చూసింది. “గుడ్డ పీకంగానే కర్రోడు చేలోకి పోయాడా?” అని అడిగింది.

బ్రహ్మయ్య ఉంటే అదే అడిగేవాడు. ఆ ప్రశ్న వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. పైన రాసిన దాంట్లో కూడా ఒక ముక్క దాటేశాను. కుక్క చేలోకి పోయింది అని రాసి ఊరుకున్నాను. అది తనంతట తాను పోలేదు. నేను కర్ర విసిరేశాక, కర్ర ఉన్న గుంట దగ్గరికి వచ్చి వాసన చూసింది. మళ్ళీ అక్కడే కూర్చుంది. గుడ్డ ఉన్న సంగతి దానికి తెలుసు, తన కళ్ళముందే పీకానని కూడా తెలుసు. రత్నం గారు బూతులు తిడుతున్నారు. అప్పుడు నేను గట్టు దాటి చేలోకి దిగాను. మొక్కల మధ్య గొంతుకూర్చుని చెయ్యి చాచి, ‘దా, ఏం కాదు, దా’ అన్నాను. ప్రతి ఆదివారం నా చేత్తో రొట్టెముక్క తిన్న కుక్క అది. ఇంకొక్క క్షణం నన్ను చూసింది. వచ్చింది.

ఇదంతా సీతారావమ్మకి చెప్పాను. ఆమె పక్కన పెట్టిన కాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

“అయితే వాడు తప్పలేదన్నమాట. ఈయనా తప్పలేదు” అంది. “ఇద్దర్నీ తప్పుబట్టి చంపారు. ఇంక లే. నా దగ్గర ఏడవమాక. పోయి అరుగు మీద చెప్పు.”

చెప్పాను. పాలు పోయడానికి వచ్చినవాళ్ళ ముందు, క్యాన్ల మోత మధ్య, గొంతెత్తి చెప్పాను. ఒకడు “ఇప్పుడెందుకండీ ఇవన్నీ” అన్నాడు. ఇంకొకడు “పోయిన పెద్దాయన, తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?” అన్నాడు. ఒక ముసలాయన మాత్రం పాలచెంబు కింద పెట్టి, “మరి ఆ ఆడకూతురు ఆరోజే చెప్పిందిగదరా” అన్నాడు. అంతకంటే ఏమీ జరగలేదు. జరగాల్సిన రోజు ఎప్పుడో దాటిపోయింది.

రత్నం గారు నాకు నేర్పినవి చాలా ఉన్నాయి. వాటితోనే బతుకుతున్నాను. వాటిని పారేయలేను, ఆయన్ని క్షమించనూ లేను. కానీ నేను మోస్తున్నది ఆయన నేర్పింది కాదు. చేలో కూర్చుని ‘దా’ అన్న ఆ మాట నాదే. మా అమ్మాయి తొలి అడుగులు వేసే రోజుల్లో ఒక సాయంత్రం మా ఆవిడ పాపని గోడకి ఆనించి నిలబెట్టి, “మీరు అటు కూర్చుని దా అనండి, వస్తుంది” అంది. కూర్చున్నాను. చేతులు చాచాను. నోరు తెరిచాను. ఆ మాట రాలేదు. మా ఆవిడ “పిలవండీ, ఏం మనిషండీ!” అని విసుక్కుంటోంది. నేను పిలవకుండానే, నా చేతులు చూసి, పాప నవ్వుకుంటూ వచ్చేసింది.